పాలమీది నింద

స్మారా శిబిరం
1997 అక్టోబరు 9

చెల్లి స్వేల్మాకి,

సలాం. ఒంట్లో చెడు లేదు కదా, నర్సు చదువులో చెడు లేదు కదా, మనసులో చెడు లేదు కదా? మాకూ చెడు లేదు, అల్లా దయ. ఇంతవరకూ అందరూ రాసేదే రాశాను. ఇప్పుడు నిజం రాస్తాను.

నఫా బాగాలేడు. నువ్వొచ్చి వెళ్ళినప్పుడు వాడికి ఆరు నెలలు. ఎత్తుకుని "అక్కా, వీడు నా భుజం ఊడగొట్టేలా ఉన్నాడే" అన్నావు. ఇప్పుడు పధ్నాలుగు నెలలు. ఎత్తితే ఉతికిన దుప్పటంత బరువు కూడా లేడు. పొట్ట మాత్రం డోలులా ఉబ్బింది. తొడల మీద చర్మం ముసలమ్మ మోచేతి దగ్గర చర్మంలా ముడతలు పడి వేలాడుతోంది. రోజుకి ఏడెనిమిదిసార్లు విరేచనం. తెల్లగా, నురగగా, ఆ వాసనకి మేకలు కూడా దూరం జరుగుతున్నాయి. గుడారం గుంజ పట్టుకుని నిలబడడం నేర్చినవాడు మళ్ళీ కూర్చుండిపోయాడు. నవ్వడం మానేశాడు. నాకు అన్నిటికన్నా అదే భయంగా ఉంది.

నీకు రాయని సంగతి ఇంకోటుంది. నాకు అయిదో నెల. రంజాన్ వెళ్ళాక కాన్పు. మా ఆయన బూయెమా వేసవిలో దళం నుంచి మళ్ళీ సెలవు మీద వచ్చినప్పుడే నెల తప్పిన సంగతి తెలిసింది. మా అత్త ఎంబార్కా ఆ రోజే నా ముందు కూలబడింది.

"కడుపులో ఒకటి, రొమ్ము దగ్గర ఒకటీనా? కడుపుతో ఉన్నదాని పాలు పాలు కావే, విషం. నా మనవణ్ణి చంపుకోను."

మర్నాడే నా రొమ్ములకి చేదు పూసింది. వాడు నోరు పెట్టి, తీసి, నా ముఖంలోకి చూశాడు. నేను మోసం చేశానన్నట్టు చూశాడు. మూడు రోజులు ఏడ్చాడు. నాలుగో రోజు నుంచి చక్కెర టీలో నానబెట్టిన రొట్టె తిన్నాడు. "చూశావా, ఎలా తింటున్నాడో!" అని అత్త మురిసిపోయింది. రెండు నెలలకి ఇదీ స్థితి. ఇప్పుడేమో "అప్పటికే విషం తాగేశాడు, అదింకా కడుపులోనే ఉంది" అంటోంది. ఈ శరణార్థుల శిబిరం ఆసుపత్రిలో ఉప్పునీళ్ళ పొట్లాలిస్తున్నారు. అవి తాగుతాడు, మళ్ళీ అంతే.

వహ్రాన్‌లో నీ చుట్టూ పెద్ద డాక్టర్లున్నారు. అడుగు. నా పాలే తప్పయితే అదైనా చెప్పు. తెలుసుకుని ఊరుకుంటాను.

నీ అక్క
తెక్బర్


వహ్రాన్
1997 నవంబరు 11

అక్కా,

నీ ఉత్తరం చదివిన రోజే మా పిల్లల వార్డులో డాక్టర్ జహియా దగ్గరికి పరిగెత్తాను. నువ్వు రాసినవన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆవిడ బల్లమీద తను తినబోతున్న రొట్టెముక్క తీసి నా కళ్ళముందు ఆడించింది.

"ఇదమ్మా మీ వాడి జబ్బు. వాడి పేగు గోధుమని శత్రువు అనుకుంటోంది. తిన్నప్పుడల్లా పేగు లోపలి పొర అరిగిపోతుంది. ఇక ఏం తిన్నా ఒంటికి పట్టదు."

దీన్ని సీలియాక్ అంటారట. మందు లేదు. గోధుమ ఆపడమే మందు, అదీ జన్మంతా. ఆపితే రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుందట. మా వార్డులో ఒక పిల్ల ఉంది, వచ్చినప్పుడు నఫా లాగే ఉండేది. ఇప్పుడు మా టోపీలు లాక్కుని పారిపోతోంది. కాబట్టి భయపడకు. రొట్టె ఆపు, కుస్కుస్ ఆపు, సేమ్యా ఆపు. అన్నం పెట్టు, పప్పు పెట్టు, మాంసం, మేకపాలు పెట్టు.

ఒక్క మాట రాయకుండా ఉండలేను. తల్లిపాలు తాగుతున్నప్పుడే రొట్టె కొద్దికొద్దిగా అలవాటు చేస్తే ఆ పాలే బిడ్డని కాపాడతాయని డాక్టర్ చెప్పింది. పాలు ఉన్నట్టుండి మాన్పించి, బిడ్డని రొట్టె మీద పడేస్తేనే ఇలా ముదురుతుందట. అక్కా, నీకు నోరు లేదా? ఆ ముసలావిడ చేదు పూస్తుంటే చేతులు ముడుచుకుని ఎలా కూర్చున్నావు? అమ్మ బతికుంటే పూయనిచ్చేదా?

కోపంలో రాస్తున్నాను, క్షమించు. ముందు రొట్టె ఆపు.

స్వేల్మా


స్మారా శిబిరం
1997 డిసెంబరు 16

చెల్లీ,

నీ ఉత్తరం గుడారంలో అందరి ముందూ పైకి చదివాను. ఎంబార్కా టీ పోస్తోంది. పొరుగింటి దమహా కూడా ఉంది.

"రొట్టె రోగమా!" అంది మా అత్త. "రొట్టె దొరక్క చచ్చినవాళ్ళని ఈ చేతులతో పాతిపెట్టాను. రొట్టె తిని చచ్చినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు."

దమహా పళ్ళికిలించి, "మీ చెల్లెలికి అక్కడ రొట్టెలు ఎక్కువయ్యాయి, పాపం. కొన్ని ఇటు పంపమను" అంది.

నువ్వు చెప్పు, ఏం చెప్పను? నెలనెలా మనకొచ్చేది పిండి బస్తా. బియ్యం వస్తే వస్తుంది, లేకపోతే లేదు. పది గుడారాలు తిరిగి, మా పిండి ఇచ్చి వాళ్ళ బియ్యం అడిగాను. పిండి ఇస్తుంటే ఎవరు కాదంటారు? ఇచ్చారు, వెనక నవ్వుకున్నారు. ఆ బియ్యంతో వాడికి పదహారు రోజులు గడిచింది. స్వేల్మా, పదిహేనో రోజున వాడు నవ్వాడు. మేకపిల్ల వాడి చెవి నాకితే నవ్వాడు. మా అత్త చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

బియ్యం అయిపోయాయి. మర్నాడు ఎంబార్కా ఎవరికీ చెప్పకుండా ఎడారిలో ఒంటెలు మేపుకునే తన తమ్ముడి దగ్గరికి ఒక జీపు ఎక్కి వెళ్ళిపోయింది. అరవై దాటిన మనిషి. నాలుగు రోజులకి తిరిగొచ్చింది, భుజం మీద సంచితో. బార్లీ.

"గోధుమపిండి ఎవరో దయతలిచి పంపేది. ఇది మన తాతలు తిన్నది. దీన్ని తిని వాళ్ళు ఒంటెల్ని మోశారు. మీ చెల్లెలు గోధుమ వద్దందిగా, వద్దులే. నా మనవడు ఇది తాగుతాడు."

తనే వేయించింది, తనే విసిరింది, తనే మేకపాలతో జావ కాచి ఒళ్లో కూర్చోబెట్టుకుని పోసింది. పెళ్ళయ్యాక ఆమె నా మాట నమ్మడం నేను చూడ్డం ఇదే మొదలు. బార్లీ పరవాలేదు కదా? డాక్టర్ని అడిగి వెంటనే రాయి.

నీ ఉత్తరంలో ఒక ముక్క వాళ్ళకి చదివి వినిపించలేదు. ఏ ముక్కో నీకు తెలుసు. పాలిచ్చి పాడుచేశావని మా అత్త అంటోంది. పాలివ్వక పాడుచేశావని నువ్వంటున్నావు. మీరిద్దరూ కూర్చుని ఏదో ఒకటి తేల్చుకోండి. ఆ తేలినదాన్ని నేను మోస్తాను.

తెక్బర్


వహ్రాన్
1998 జనవరి 8

బంగారు అక్కా,

నఫా నవ్వాడన్న ముక్క నాలుగుసార్లు చదివాను. హాస్టల్లో అందరికీ చెప్పాను. "ఇంకా పరీక్ష పాస్ కాకుండానే రోగిని బాగుచేశావే" అని ఆటపట్టిస్తున్నారు. నిజంగా గర్వంగానే ఉంది, నీ దగ్గర దాపరికం ఎందుకు.

జావ మంచిదే, ఇవ్వు. బలానికి మంచిది. మీ అత్తగారు అంత దూరం వెళ్ళి తెచ్చిందంటే నమ్మలేకపోయాను, నా సలాములు చెప్పు. లారీలో వస్తున్న సాలెక్ చేత ఆరు కిలోల బియ్యం పంపుతున్నాను. పది రోజుల్లో పరీక్షలు. తల ఎత్తే తీరిక లేదు.

పాల సంగతికి కోపం తెచ్చుకోకు. డాక్టర్ అన్నదే రాశాను, నా సొంతం కాదు. పుట్టబోయే బిడ్డకైనా ఎవరి మాటా వినకు. నిండా రెండేళ్ళు పాలివ్వు. ఆరో నెల నుంచి, పాలు తాగుతుండగానే, రొట్టె పొడి చిటికెడు చిటికెడు అలవాటు చెయ్యి. నఫాకి జరిగింది వాడికి జరక్కూడదు.

స్వేల్మా


వహ్రాన్
1998 ఫిబ్రవరి 3

అక్కా,

బార్లీ ఆపు. ఇది చదివిన క్షణంలో ఆపు. మిగతాది తర్వాత చదువు.

ఇవాళ వార్డుకి తిలిమ్సాన్ వైపు నుంచి ఒకావిడ బిడ్డతో వచ్చింది. నిరుడు బాగయి వెళ్ళిన బిడ్డే, మళ్ళీ పొట్ట ఉబ్బి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. డాక్టర్ జహియా అరుస్తోంది: "గోధుమా బార్లీ రెండూ ఒకటే అని ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు?" నేను మందుల పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. పళ్ళెం ఎలా కింద పెట్టానో తెలియదు.

లారీలు ఆగే చోట కూర్చుని ఇది రాస్తున్నాను. గురువారం బయల్దేరే లారీ ఉందట, ముందు వెళ్ళేది ఏదీ లేదు. వాడికి బియ్యమే పెట్టు. విరేచనాలు ఎక్కువైతే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైన్ ఎక్కించమని గొడవ పెట్టుకో.

ఎలా ఉన్నాడు? ఒక్క ముక్క రాయి.

స్వేల్మా


స్మారా శిబిరం
1998 ఫిబ్రవరి 25

స్వేల్మాకి,

నీ ఉత్తరం ఫిబ్రవరి పధ్నాలుగున చేరింది. నఫా పదకొండున పోయాడు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. జావ రోజుకి మూడుసార్లు తాగేవాడు. "మంచిదే" అని నీ ఉత్తరం వచ్చాక మా అత్త నాలుగుసార్లు చేసింది. నువ్వు పంపిన బియ్యం పండక్కి వచ్చినవాళ్ళకి వండాం. వాడికి జావ ఉంది కదా అనుకున్నాం. జనవరి ఆఖరుకి మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయి. నీరసానికి జావ అని ఇంకా పోశాం. ఆసుపత్రిలో రెండు రోజులుంచారు. సూది గుచ్చడానికి నరం దొరకలేదు. మధ్యాహ్నం నా ఒళ్లో ఉండగానే తల వాల్చాడు. నిద్రపోయాడనుకుని ఈగలు తోలుతూ కూర్చున్నాను. నర్సు వచ్చి చెప్పేదాకా తోలుతూనే ఉన్నాను.

పద్దెనిమిదిన ఆడపిల్ల పుట్టింది. ఘలియా అని పేరు పెట్టాం. నాకు పాలు బాగా పడ్డాయి. ఇద్దరు బిడ్డలకి సరిపోయేన్ని పడ్డాయి.

నీ పరీక్షలు బాగా రాశావనుకుంటాను.

తెక్బర్


వహ్రాన్
1998 ఏప్రిల్ 2

అక్కా,

ఆరుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది కూడా చించేలోపు ఎవరికైనా ఇచ్చి పంపేస్తాను.

జనవరిలో నీ ఉత్తరంలో "బార్లీ" అన్న మాట దగ్గర నా కన్ను ఆగింది. ఆగలేదని అబద్ధం చెప్పను. అడగాలనుకుని డాక్టర్ గది దాకా వెళ్ళాను. లోపల పెద్దవాళ్ళున్నారు. మొన్ననే ఏదో అడిగితే "ఇది మొదటి ఏడాదిలోనే చెప్పాం కదా" అని అందరిముందూ నవ్వింది. మళ్ళీ నవ్వుతుందని వెనక్కొచ్చేశాను. గదికొచ్చి, తెలిసినదానిలా "మంచిదే" అని రాశాను. అంతే జరిగింది. నా సిగ్గు కాపాడుకోవడానికి రాసిన మాట అది.

తిట్టు. ఎంబార్కా చేత కూడా తిట్టించు. ఏమీ రాయకుండా మాత్రం ఉండకు.

స్వేల్మా


వహ్రాన్
2015 మార్చి 20

అక్కా,

ఏప్రిల్ ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. పదిహేడేళ్ళు అయింది. పండగలకి ఫోన్లో మాట్లాడుకుంటాం. చెడు లేదు కదా, చెడు లేదు, పిల్లలు బాగున్నారా, బాగున్నారు. నా పెళ్ళికి రాలేదు. నాన్న పోయినప్పుడు నేనొస్తే ఎదురుగా కూర్చుని టీ పోశావు. ఆయన సంవత్సరీకానికి మళ్ళీ వస్తే అప్పుడూ టీయే. రెండుసార్లూ ఘలియా ఊళ్ళో లేదన్నావు. నా మేనకోడలి ముఖం నేను ఫోటోలోనే చూశాను. ఫోన్లో చెప్పగలిగే మాట కాదు కాబట్టి మళ్ళీ కాగితం తీశాను.

ఇప్పుడు నేను పిల్లల వార్డులో పెద్ద నర్సుని. మొన్న మాకు ఒక పాఠం చెప్పారు. ఐరోపాలో వందలమంది పిల్లల్ని పుట్టినప్పటినుంచి ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశారట. ఎక్కువకాలం పాలు తాగినవాళ్ళని, తాగనివాళ్ళని, గోధుమ ముందు పెట్టినవాళ్ళని, వెనక పెట్టినవాళ్ళని. తేడా లేదట అక్కా. తల్లిపాలు వంద విధాల మంచివే, కానీ ఈ రోగాన్ని ఆపవట. రక్తంలో రాసి ఉన్నవాళ్ళకి వస్తుందట.

అంటే నువ్వు పాలు మాన్పించినందువల్ల కాదు. నీ తప్పు ఏమీ లేదు. నేను రాసిన ఆ మాట తప్పు. అప్పుడు అందరూ అలాగే అనుకునేవారు, నా డాక్టర్ కూడా. ఇన్నాళ్ళు నీ గుండెమీద ఉన్న బరువు ఇవాళ దింపేసెయ్.

ఇక బార్లీ సంగతి. దానికి ఏ పాఠమూ నన్ను విడిపించదు. నాకు తెలుసు.

స్వేల్మా


స్మారా శిబిరం
2015 మే 4

స్వేల్మాకి,

సలాం. ఒంట్లో చెడు లేదు కదా.

నా తప్పు లేదని రాశావు. ఆ సంగతి నాకు 2000 సంవత్సరం నుంచీ తెలుసు.

ఘలియాకి నాలుగేళ్ళు నిండేదాకా పాలిచ్చాను. రెండేళ్ళు దాటాక ఆడవాళ్ళు నవ్వారు. "పెళ్ళిపందిట్లో కూడా చంక దింపేలా లేవు" అంది దమహా. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఆరో నెల నుంచి నువ్వు రాసినట్టే, పాలు తాగుతుండగానే, రొట్టె పొడి చిటికెడు చిటికెడు పెట్టాను. ఒక్క రోజు తప్పలేదు. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని పెంచాను దాన్ని. రెండున్నరేళ్ళకి దాని పొట్ట ఉబ్బింది. ఆ వాసన నాకు తెలుసు. ఎవరినీ అడగలేదు. ఆ పూటే గోధుమ ఆపాను, బార్లీ ఆపాను. ఆ తర్వాత బయటినుంచి డాక్టర్లు వచ్చి, శిబిరమంతా రక్తాలు తీసి చూసి, అవునన్నారు. బతికింది. పొట్టిదే, కానీ నోరు మాత్రం నీదే. ఇప్పుడు ఈ రోగం ఉన్నవాళ్ళకి వేరే పిండి ఇస్తున్నారు. నేను గుడారం గుడారం తిరిగి తల్లులకి చెబుతాను. గోధుమ సంగతి వాళ్ళకి ముందే తెలిసి ఉంటుంది. నేను బార్లీతో మొదలుపెడతాను.

రెండున్నరేళ్ళుగా పాలు తాగుతూనే ఉన్న పిల్లకి కూడా వచ్చిందంటే పాలకీ దీనికీ ఏం సంబంధం? ఇది తెలుసుకోవడానికి నాకు ఒక్క పిల్ల సరిపోయింది. మీకు వందలమంది కావలసి వచ్చారు.

నీకెందుకు చెప్పలేదంటావా? నువ్వొచ్చిన రెండుసార్లూ దాన్ని కావాలనే దఖ్లా శిబిరంలో దాని మేనత్త దగ్గరికి పంపాను. అది నీ ముందు రొట్టె ముట్టకుండా అన్నమే తింటే నీకు అర్థమైపోతుందని. అర్థమైతే "అయ్యో, నేను రాసింది తప్పు" అంటావని. రుజువు చూసి అనే మాట నాకక్కర్లేదు. నన్ను ఎరిగినదానివి, ఒక తల్లి కడుపున పుట్టినదానివి, ఏ రుజువూ లేకుండా ఒక్కసారి "అక్కా, అలా రాయకుండా ఉండాల్సింది" అంటావేమోనని పదిహేడేళ్ళు చూశాను. బార్లీకి క్షమాపణ అడిగావు. ఈ మాటకి అడగలేదు. ఇప్పుడు పుస్తకం నన్ను విడిచిపెట్టింది కాబట్టి నువ్వూ విడిచిపెట్టావు. పుస్తకం ఇంకోలా రాసి ఉంటే?

బార్లీ సంగతి నేను ఎప్పుడో క్షమించాను. భయపడ్డ పిల్ల చేసిన పని అది. నీకు ఇరవై ఏళ్ళు అప్పుడు. క్షమించానని రాయలేదు, అంతే. నువ్వు ఎదురుచూడడం నాకు బాగుండేది. చెడ్డమాటే, కానీ నిజం రాస్తున్నాను.

ఎంబార్కా ఆరేళ్ళ కిందట పోయింది, నీకు తెలుసు. నీకు తెలియనిది చెబుతాను. బార్లీ ఆపమన్న నీ ఉత్తరం ఆమెకి చదివి వినిపించలేదు. అది వచ్చిన రోజు ఆమె నఫా జావ గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ గిన్నె వంక చూసి, ఉత్తరం మడిచి దుస్తుల్లో దాచుకున్నాను. మూలకున్న బార్లీ సంచి ఎవరూ చూడకుండా మేకలకి పోశాను. ఆమె చివరిదాకా వచ్చినవాళ్ళందరికీ చెప్పేది: "నా మనవణ్ణి వాళ్ళమ్మ పాలు తినేశాయి. నేను తెచ్చిన జావే వాణ్ణి ఆ నాలుగు నెలలైనా నిలబెట్టింది." నాలుగు నెలలు కాదు, రెండు కూడా కాదు. నేను ఎదురుగానే కూర్చుని వినేదాన్ని. బూయెమా నా వైపు చూసేవాడు. తల వంచుకునేదాన్ని. ఏం చెప్పమంటావు? నాలుగు రోజులు జీపులో పడి తెచ్చిన ముసలిదానికి, నీ చేత్తోనే పోయాడని చెప్పమంటావా? ఆ నింద నాకు అలవాటే కదా అని ఉంచేసుకున్నాను.

కాబట్టి దింపేసుకోమని నువ్వు చెప్పిన బరువు నువ్వు పెట్టింది ఒక్కటే కాదు. దానిలో కొంత నేను తెలిసి ఎత్తుకున్నది. అది నువ్వు దింపలేవు.

ఘలియాకి పెళ్ళి కుదిరింది. మొన్న అడిగింది: "అమ్మా, నా బిడ్డకి కూడా వస్తుందా? రాకుండా ఎన్నాళ్ళు పాలివ్వాలి?" వస్తే రావచ్చు, ఎవరూ ఆపలేరు అన్నాను. పాలు మాత్రం ఇవ్వు, నీకు ఓపిక ఉన్నన్నాళ్ళు ఇవ్వు, దేనికో మందని కాదు, బిడ్డకి ఆకలేస్తుంది కనుక ఇవ్వు అన్నాను. మానేసిన రోజున ఎవరైనా ఒక్క మాట అంటే నా దగ్గరికి పంపు అన్నాను.

పెళ్ళి అక్టోబరులో. రావాలనుకుంటే రా. ఈసారి పిల్లని ఎక్కడికీ పంపను.

తెక్బర్